భోంచేయని విదేశాంగ మంత్రి

మా కమ్యూనిస్టు ప్రభుత్వం గున్నపుట్టుగలో మొదలై ఊరి చివర బైరాగి కొబ్బరి తోటతో ముగిసిపోతుంది. ఆ తోట దాటితే అంతా విదేశమే. పలాస విదేశం. టెక్కలి మరీ పెద్ద విదేశం, ఆర్డీవో ఆఫీసు అక్కడే ఉంది కాబట్టి. మా పంచాయతీలో ఎర్రజెండా మొదటిసారి గెలిచిన రోజున టీ కొట్టు బెంచీల మీద కూర్చున్నవాళ్ళు సరదాకి మంత్రి పదవులన్నీ పంచేసుకున్నారు. కుళాయి తిప్పే బైరాగికి జలవనరుల శాఖ. తెగిన కరెంటు తీగలు ముడేసేవాడికి విద్యుత్ శాఖ. బయటివాళ్ళతో మాట్లాడగలిగినవాడు కనుక మా ఆయన అనంతపద్మనాభానికి విదేశాంగ శాఖ. మిగతావాళ్ళంతా మర్నాటికి ఆ పదవుల సంగతి మర్చిపోయారు. ఈయన మాత్రం మర్చిపోలేదు.

పెళ్ళినాటికి ఈయన కోటబొమ్మాళిలో ఒక సొసైటీ ఆఫీసులో గుమస్తా. ఎర్రజెండా పట్టుకున్న ఏడాది జంధ్యం తెంపి గెడ్డలో, అంటే వాగులో, పారేశాడు. మా మామగారు టెక్కలిలో పౌరోహిత్యం చేసేవారు, ఆ కబురు విని కొన్నాళ్ళు కొడుకుతో మాట మానేశారు. తర్వాత ఈయన గుమస్తా ఉద్యోగం కూడా వదిలేసి నాకు బడి ఉన్న ఊరే తన ఊరనుకుని గున్నపుట్టుగలో స్థిరపడిపోయాడు. జీతం నాది, ఆర్థిక శాఖ నాది. పాఠాలు చెప్పిందీ నేనే. ఊళ్ళో మాస్టారు మాత్రం ఆయన. నన్ను మాస్టారి పెళ్ళాం అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

అయితే ఆయన పని చేయలేదని అనను. గెడ్డ నీళ్ళు పైఊరివాళ్ళు కట్టేసుకుంటే వెళ్ళి మాట్లాడి విడిపించాడు. సముద్రం ఒడ్డుకి పోయే దారిని ఒక తోట ఆసామి కంచె వేసి మూసేస్తే తీయించాడు. మా ఉద్దానం నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, ఇంటికొకరు కిడ్నీల జబ్బుతో ఉంటారు. డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళని పలాస తీసుకెళ్ళి తీసుకొచ్చే బండి మా ఊరికి రావడం కోసం ఈయన ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో నాకు తెలుసు. ఇంట్లో వంకాయల బేరం ఆడలేని మనిషి కలెక్టరు ముందు గొంతు తగ్గించకుండా మాట్లాడేవాడు. అది చూసి నేనూ లోలోపల మురిసిపోయేదాన్ని.

ఈ పని చేయడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తెల్ల పొట్టిచేతుల చొక్కా, నల్ల గొడుగు, గుడ్డసంచిలో నేను కట్టిన టిఫిను డబ్బా, ఇంటి నీళ్ళ సీసా. ఎవరితో తగువు మాట్లాడడానికి వెళ్తే వాళ్ళింట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. టీ ఇస్తే వద్దంటాడు, బోండం కొట్టి ఇస్తే దండం పెడతాడు. మాటలు ముగిశాక దారిలో ఏ చెట్టు కిందో కూర్చుని డబ్బా విప్పుకుంటాడు. అవతలివాళ్ళ అన్నం తిని వచ్చి వాళ్ళ మీద గట్టిగా మాట్లాడలేమని ఆయన వాదన. పలాస విలేకరి ఒకాయన ఈ సంగతి ఫొటోతో సహా పేపర్లో రాశాడు. ఆ రోజు నుంచి మా ఆయన బయట ఇంకా తక్కువ తినడం మొదలుపెట్టాడు. ఫొటోలో డబ్బా కనిపించింది గానీ అది కట్టిన మనిషి ఊసు ఎక్కడా లేదు.

మాకు అన్నిటికంటే పెద్ద విదేశం గెడ్డ అవతల పెదగెడ్డపేట. అక్కడ సీతారాందే మాట. ఇరవై ఎకరాల పైన తోటలు, తాతల నాటి పెద్దరికం, మాకు ఎదురు పార్టీ. గెడ్డ నీళ్ళయినా దారి తగువయినా చివరికి తేలేది సీతారాం అరుగు మీదే. ఈయన ఆ అరుగు మీద ఎన్నిసార్లు కూర్చున్నాడో లెక్క లేదు. ఆ ఊళ్ళో ఈయన్ని మాస్టారు అనరు, పంతులుగారు అంటారు. అదేదో గౌరవం అనుకున్నాం మేమిద్దరం.

ఇలా ఉండగా మా నీలిమ వచ్చి, తను సీతారాం కొడుకు భానుప్రకాష్‌ని పెళ్ళి చేసుకుంటానంది. మాకు ఒక్కతే కూతురు. టెక్కలిలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. అతను పలాసలో జీడిపప్పు పరిశ్రమ నడుపుతున్నాడు. రోజూ ఒకే బస్సులో వెళ్ళే రోజుల్లో పరిచయమట. పిల్లాడు బుద్ధిమంతుడు, మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పులు విడిచిన తీరు చూసే నాకు నచ్చాడు. కులం వేరే కదా అని మా తరఫున ఎవరూ అడగలేదు. అడిగితే ఈయన గంటసేపు ఉపన్యాసం చెబుతాడని భయం.

"సీతారాంతోనా," అని మాత్రం అన్నాడు ఈయన. తర్వాత గడ్డం గోక్కుని, "సరే, మాట్లాడదాం," అన్నాడు. ఆ మాట అన్న తీరుకే నేను అనుమానపడాల్సింది.

మంచిరోజు చూసుకుని మేమిద్దరం, పెద్దదిక్కుగా మా సర్పంచ్ లక్ష్మమ్మ, ముగ్గురం ఆటోలో వెళ్ళాం. లక్ష్మమ్మ అంటే మా ప్రభుత్వానికి ప్రధానమంత్రి, పొద్దున్న తోటపని, మధ్యాహ్నం పంచాయతీ. బయలుదేరే ముందు నేను ఎప్పటిలాగే డబ్బా కట్టి సంచిలో పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను, అది చేతి అలవాటు. ఆయన గొడుగు తీస్తే నా చేతులు డబ్బా కడతాయి.

సీతారాం భార్య కృష్ణవేణి మమ్మల్ని గుమ్మంలోనే చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆ వేళ వాళ్ళింట్లో నీచు వండలేదు. తెల్లారకుండా తలస్నానం చేసి, కొత్త గిన్నెల్లో పనసపొట్టు కూర, పచ్చి జీడిపప్పు కూర, పప్పు, పరమాన్నం, అన్నీ తనే చేసిందట. వంటింటి వాసనకే నాకు ఆకలి పుట్టింది.

మా ఆయన అరుగు మీద ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "మొదటి విషయం, కట్నకానుకల ఊసు ఉండకూడదు," అన్నాడు. సీతారాం సరే అన్నాడు. "రెండో విషయం, పెళ్ళి రిజిస్టరు ఆఫీసులో." సీతారాం కొంచెం ఆలోచించి, రిజిస్టరు అయ్యాక తమ ఇంట్లో పసుపు బట్టలతో అక్షింతలు వేయించుకోవాలన్నాడు. ఈయన పావుగంట వాదించి అక్షింతలకు ఒప్పుకుని, బ్యాండు మేళం వద్దని గెలిచాడు. మా పిల్ల పెళ్ళి మాటలా, గెడ్డ కట్ట మాటలా అని నాకే అనుమానం వచ్చింది.

కృష్ణవేణి రెండుసార్లు వచ్చి ఆకులు వేశానంది. "ముందు మాటలు కానివ్వండమ్మా," అన్నాడు ఈయన. మాటలు అయ్యాయి. అన్నీ కుదిరాయి. ఈయన లేచి సీతారాం చేయి పట్టుకుని ఊపి, "చాలా సంతోషం, ఇక సెలవు," అని గొడుగు అందుకున్నాడు. భర్త లేచిపోయాక భార్య ఒక్కతే ఆకు ముందు ఎలా కూర్చుంటుంది? నేనూ లేచాను. లక్ష్మమ్మ మాత్రం అప్పటికే లోపల కూర్చుని పరమాన్నం రెండోసారి వేయించుకుంటోంది. కృష్ణవేణి మొహం వాడిపోయి ఉంటే, పాపం పొద్దుటి నుంచి వంటలు చేసి అలిసిపోయింది అనుకున్నాను. అంత తెలివి నాది.

గెడ్డ దాటాక బైరాగి తోటలో ఆటో ఆపించి ఈయన డబ్బా విప్పాడు. నాకూ సగం పెట్టాడు. "చూశావా వైదేహీ, ఎంత తేలిగ్గా తేలిపోయిందో," అన్నాడు. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర రెండు ఊళ్ళ సంబంధాల్లో కొత్త అధ్యాయం మొదలైందని ప్రకటించేశాడు.

మర్నాడు సాయంత్రం నీలిమ కాలేజీ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా కుర్చీలో కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వాళ్ళమ్మగారు వద్దన్నారట," అంది.

"ఎవరు వద్దన్నారు? అన్నీ కుదిరాయిగా," అన్నాడు ఈయన.

"పిల్లాడి ఇంట్లో వేసిన ఆకు ఆడపిల్ల వాళ్ళు ముట్టకుండా లేచిపోతే సంబంధం ఇష్టం లేదని అర్థం నాన్నా. మన వైపు అది తెలియనిది ఎవరికి? అదొక్కటే కాదు. మా చేతి అన్నం తినని పంతులుగారి కూతురు రేపు మా ఇంటికొచ్చి వేరు కుంపటి పెడుతుందా, నా కొడుకు వాళ్ళింటికెళ్తే వసారాలో కూర్చోబెడతారా, అని ఏడ్చారట. కొత్త గిన్నెల్లో వండినా వాళ్ళ మడికి పనికి రాలేదన్నారట."

మా ఆయనకి కాసేపు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. "మడా? నాకా? నేను జంధ్యం తెంపి గెడ్డలో పారేసినవాణ్ణి."

"చొక్కా లోపల ఏముందో వాళ్ళెప్పుడు చూశారు? ఇన్నేళ్ళుగా నువ్వు వాళ్ళింట తినకపోవడం మాత్రం ఊరంతా చూసింది. మన ఊరికి నువ్వు నిప్పులాంటి కామ్రేడువి. గెడ్డ దాటితే నువ్వు మడి కట్టుకున్న బ్రాహ్మడివి. ఇంటి నుంచి నీళ్ళు కూడా తెచ్చుకునే బ్రాహ్మడివి."

వాళ్ళు పంతులుగారు అన్నప్పుడల్లా మేము పొంగిపోయిన సంగతి గుర్తొచ్చి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ డబ్బాలు కట్టిన చేతులు నావే కదా.

భానుప్రకాష్ మాత్రం ఎవరేమన్నా రిజిస్టరు చేసుకుందాం పద అన్నాడట. నీలిమ కాదంది. "వాళ్ళమ్మ ఏడుస్తుంటే ఆ గడప తొక్కను. ఆవిడ రమ్మంటేనే వెళ్తాను. లేకపోతే ఈ పెళ్ళి లేదు." అది అచ్చం వాళ్ళ నాన్న గొంతే, ఒకసారి అందంటే ఇక దిగదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈయన రాత్రి భోజనానికి లేవలేదు. నేను బతిమాలలేదు. పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "వెళ్ళి వాళ్ళింట తినొస్తే సరిపోతుంది. కానీ వచ్చే వారం సీతారాంతో నీళ్ళ ట్యాంకు మాటలున్నాయి. ట్యాంకు వాళ్ళ ఊళ్ళోనా మన ఊళ్ళోనా అని. ఇప్పుడు అక్కడ తింటే మన జనం ఏమనుకుంటారు? కూతురి కోసం ట్యాంకు అమ్ముకున్నాడంటారు," అన్నాడు.

"అయితే కూతుర్ని ఇంట్లోనే ఉంచుకుని ట్యాంకుకి పెళ్ళి చేయండి," అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఆయన చొక్కా తొడుక్కుని లక్ష్మమ్మ ఇంటికి బయలుదేరాడు. ఏం మాట్లాడతాడో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

లక్ష్మమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఆరబోస్తోంది. ఈయన నిలబడే ఉండి, విదేశాంగ బాధ్యతల నుంచి తనను తప్పించాలని, ట్యాంకు మాటలకు ఇంకెవరినైనా పంపుకోవాలని చెప్పాడు. కారణం కూడా దాచకుండా చెప్పాడు. లక్ష్మమ్మ పిక్కలు పరుస్తూనే విన్నది.

"మాస్టరూ, నువ్వు పరాయి ఊర్ల తినకూడదని పార్టీ ఎప్పుడైనా తీర్మానం సేసినాదేటి?"

"లేదు."

"మరి ఊరోళ్ళు సెప్పినారేటి?"

"ఎవరూ చెప్పలేదు. నాకు నేనే పెట్టుకున్నాను. జనం నమ్మకం కోసం."

"నువ్వు తినవని నమ్మినామనుకున్నావేటి ఇన్నాళ్ళూ?" లక్ష్మమ్మ నడుం మీద చేయి వేసుకుని లేచి నిలబడింది. "డయాలసిస్ బండి తెచ్చినావని నమ్మినాం. గెడ్డ నీళ్ళు ఇప్పించినావని నమ్మినాం. నువ్వు ఎవులింట తింతే మాకేటి? నువ్వు ఆకలితో ఎల్లి ఆకలితో ఒత్తావని మేమే అనుకునీవోళ్ళం, ఈ మనిసికి ఇదేటి పిచ్చి అని. మొన్న నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను గదా, ట్యాంకు ఇచ్చీసినానేటి?"

మా ఆయన కంచె కర్రకి ఆనుకుని నిలబడిపోయాడు. అన్నేళ్ళ ఎండలో అన్నేసి చెట్ల కింద తిన్న చల్లారిన అన్నం అంతా ఆయన కళ్ళ ముందు తిరిగి ఉంటుంది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఎవరూ అడగని వ్రతం పట్టి, దాన్నే జనం మెచ్చుకుంటున్నారనుకుని ఊరేగాడు పాపం.

"ఎల్లు మాస్టరూ," అంది లక్ష్మమ్మ, మళ్ళీ పిక్కల దగ్గర కూర్చుంటూ. "ఎల్లి కడుపు నిండా తినిరా. ట్యాంకు మాటలకీ నువ్వే ఎల్లాల. నీకంటే మొండోడు మనకాడ లేడు."

ఆ రోజు డబ్బా కట్టలేదు. కబురు కూడా పెట్టకుండా మధ్యాహ్నం భోజనాల వేళకి పెదగెడ్డపేట చేరాం. సీతారాం అరుగు మీదే ఉన్నాడు. లేచాడు గానీ మొహంలో ఎప్పటి కళ లేదు.

"రండి పంతులుగారూ. ట్యాంకు మాటలకేటి? వచ్చే వారం గదా అనుకున్నాం."

"మాటలకి రాలేదు సీతారాం. ఆకలేస్తోంది. భోజనానికి వచ్చాం," అన్నాడు ఈయన.

సీతారాం నా వంక చూశాడు. నేను తల ఊపాను. లోపలి నుంచి కృష్ణవేణి గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి, అక్కడే ఆగిపోయింది. "ఇయాల చేపల కూర వండినామండి. మీరు తినీవి ఏటీ నేవు," అంది. ఆ గొంతులో మొన్నటి నొప్పి ఇంకా ఉంది.

"అన్నం ఉందా అమ్మా? ఉప్పు ఉందా? అది చాలు."

ఆవిడ ఈయనకి ముందు గదిలో వేరేగా వేయబోయింది. ఈయన ఒప్పుకోలేదు, సీతారాంని వెంటబెట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి అతని పక్కన పీట వాల్చుకున్నాడు. సీతారాం కంచంలో చేపల కూర, ఈయన కంచంలో అన్నం, ఆవకాయ, అప్పటికప్పుడు వేయించిన వడియాలు. చేపల వాసన నాకు పడదు. అయినా కృష్ణవేణి పక్కన కూర్చుని మజ్జిగన్నం కలుపుకున్నాను. మా ఆయన తలెత్తకుండా తింటున్నాడు. సీతారాం మాత్రం ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు.

"మా నాయిన పెద్దకార్యం నాడు మీరొచ్చినారు," అన్నాడు చివరికి. "దండేసి, దండం పెట్టి ఎల్లిపోనారు. ఊరంతా తిన్నాది. పంతులుగారు పక్క ఊరోడైనా పెద్దమనిసి అని మా నాయిన బతికున్నప్పుడు సెప్పీవోడు. అందుకని మీకోసం ఒక ఆకేసి ఉంచినాను. పొద్దుగూకి తీసీసినాం. మా ఇల్లంత సెడ్డదేటి అని ఆ దినం నుంచీ నా మనసుల ఉన్నాది."

ఈయన చేయి ఆగిపోయింది. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

"అప్పట్లో గెడ్డ తగువు నడుస్తోంది సీతారాం. ఇక్కడ తింటే మావాళ్ళు ఏమనుకుంటారో అని వెళ్ళిపోయాను. మావాళ్ళు ఏమీ అనుకోరట. ఇవాళ పొద్దున్నే తెలిసింది నాకు." కంచం కొంచెం ముందుకు జరిపాడు. "మీ నాన్నగారి పేరున వేసిన ఆకు భోజనం కూడా ఇప్పుడే పెట్టించు. తినే వెళ్తాను."

పెళ్ళి మాటల ఇంట్లో పెద్దకార్యం భోజనం అడుగుతాడా మనిషి అన్నవాడు? నేను కాలితో ఆయన కాలు తొక్కాను. ఆయన పట్టించుకోలేదు. సీతారాం తల వంచుకుని మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు, తర్వాత నవ్వాడు.

"కృష్ణవేణీ, బావకి మరింత అన్నం ఎయ్యి. ముందర నూనె ఎక్కువేసి ఆ వంకాయలు ఏపు. ఉప్పుతో తింతాడేటి మా ఇంట?"

"ఏపుతున్నానుండు," అంటూ ఆవిడ లేచి పొయ్యి వెలిగించింది. "అన్నయ్యగారూ, కారం తింతారా మీరు?"

"తింటానమ్మా," అన్నాడు ఈయన. నిజానికి కారం తింటే ఆయనకు కడుపులో మంట. ఆ రోజు తిన్నాడు. మూడోసారి కూడా వేయించుకున్నాడు. ఇంట్లో నేను బతిమాలినా రెండోసారి వేయించుకోడు.

ఆ మూడో వడ్డనలో ముద్ద నోట్లో ఉండగానే, "ట్యాంకు మాత్రం మా ఊళ్ళోనే కట్టాలి సీతారాం. మా ఊరు మెరక మీద ఉంది," అన్నాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

"కుదర్దు బావా. మెరక మాదీ ఉన్నాది, వచ్చి కొలుసుకో."

"ఇంజనీరు కొలిచాడు. మాదే ఎక్కువ."

"ఆ ఇంజనీరు మీ ఊర్ల టీ తాగినాడు."

ఇద్దరూ ఎంగిలి చేతులు ఎండిపోతున్నా లేవకుండా గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. మా ఆయన కారానికి చెమటలు పడుతూ, ఎడం చేత్తో నీళ్ళ గ్లాసు ఎత్తి వాళ్ళింటి నీళ్ళు గడగడా తాగేసి మళ్ళీ మొదలుపెట్టాడు. కృష్ణవేణి అట్లకాడ పట్టుకుని వాళ్ళిద్దరి వంకా, నా వంకా చూసి నవ్వి, "వదినా, ఈళ్ళు తెముల్చుకునే సరికి సాయంత్రమవుద్ది. మీ పిల్లని కాలేజీ అయినాక ఇటే వచ్చీమని ఫోను సెయ్యండి," అంది.

నేను చేయి కడుక్కుని, ఫోను తీసి నీలిమకి చెప్పాను, మీ అత్తగారు రమ్మంటోందని.